ఖాళీ కొక్కెం

“తలుపు తియ్యరా చిన్నోడా! ఒక కొడుకు అక్కడెక్కడో ఐసుపెట్టెలో ఉన్నాడు, ఇంకో కొడుకు బాత్రూంలో ఉన్నాడు. నేనెవరితో మాట్లాడాలిరా?”

అత్తగారు అరచేత్తో తలుపు బాదుతోంది. లోపల్నించి కొళాయి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ముందుగదిలో కంపెనీ లాయరు టీపాయ్ మీద లాప్‌టాప్ తెరిచి పెట్టాడు. ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. వెనక తీగ మీద ఆరేసిన చొక్కాలు తెరలో కనిపిస్తున్నాయని కుర్చీని కాస్త పక్కకి జరిపాడు. ఆ చొక్కాలు చనిపోయినవాడివి. ఎవరూ వేసుకోకపోయినా పెద్దకోడలు నిన్న వాటిని మళ్లీ ఉతికింది.

“ఇలా కూచోండమ్మా. వెలుతురు బాగా పడుతుంది.”

“నేనేం ఫొటో దిగడం లేదు కదా,” అంది పెద్దకోడలు. నిలబడే ఉంది.

“మధ్యాహ్నం మీ ఆయన పనిచేసిన దేశంలోని కార్మికశాఖ అధికారి తెర మీదకొస్తారు. మన భాష తెలిసినావిడ పక్కన ఉంటుంది. మీరు చెప్పాల్సింది ఒక్క ముక్క. మా ఆయన సేఫ్టీ బెల్టు కొక్కెం తగిలించుకోకుండా భవనం అంచు మీదకి వంగి పడిపోయాడు, నాకెవరి మీదా ఫిర్యాదు లేదు. అంతే. సాయంత్రానికి మార్చురీ వాళ్లు వదిలేస్తారు. రేపు విమానం.”

“చెప్పకపోతే?”

“విచారణ సాగుతుంది.” లాయరు గొంతులో కోపం లేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు చెప్పాడు. “సాగినన్నాళ్లూ ఆయన అక్కడే ఉంటారు.”

ఆమె ఫోన్ మోగింది. బడిపిల్లల వ్యాను తోలుతుంది పెద్దకోడలు. వారం నించీ వ్యాను గుమ్మం ముందే దుమ్ము పట్టి ఉంది.

“ఏమ్మా, ఇవాళ కూడా రారా? మా పాపని నేనే దింపి ఆఫీసుకి లేటుగా పోతున్నాను.”

“రానండీ.”

“పోనీ ఎప్పట్నించి వస్తారో చెప్పండి.”

“మా ఆయన వచ్చాక,” అని పెట్టేసింది.

వంటింట్లోంచి ఆమె తమ్ముడు టీ గ్లాసులు పట్టుకొచ్చాడు. ఒకటి లాయరు ముందు పెట్టాడు. ఇంకోటి అక్కకి అందించబోతే ఆమె తీసుకోలేదు. ఏం చెయ్యాలో తోచక అతనే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఇంట్లో అతన్ని హెల్మెట్ అంటారు. వీధి చివర కొట్టుకెళ్లినా హెల్మెట్ లేకుండా బండి తియ్యడు. “పడుకునేటప్పుడైనా తీస్తావా బావా, దుప్పట్లో కూడా అదేనా?” అని ఆటపట్టించి ఆ పేరు పెట్టింది చనిపోయిన బావే. ఆ జాగ్రత్తే అతనికి అన్నం పెట్టింది. ఇక్కడి పెద్ద కంపెనీలో, హెడ్డాఫీసులో, సేఫ్టీ మేనేజరతను.

“అక్కా, ఆ ఒక్క మాటా అనేస్తే బావ ఇంటికొచ్చేస్తాడు.”

“మీ బావ కొక్కెం తగిలించుకోలేదంటావా?”

“కొక్కెం ఖాళీగా దొరికింది. దేనికీ తగిలి లేదు. నేను చూశానుగా.”

“నేనడిగింది కొక్కెం సంగతి కాదురా, మనిషి సంగతి. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వేశానా లేదా అని వెనక్కొచ్చి లాగి చూసే మనిషి. నా వ్యాను తలుపు నేను మూస్తే ఆయనొచ్చి మళ్లీ లాగేవాడు. ఆయనా ఉత్త కొక్కెంతో అంచు మీదకి వంగేది?”

“మనిషన్నాక ఒక్కోసారి...”

“మీ కంపెనీకి ఒక్కోసారి ఉండదేం?”

“అది మా కంపెనీ కాదక్కా! ఎన్నిసార్లు చెప్పాలి? అక్కడ కట్టేది అక్కడి కంపెనీ. వేరే పేరు, వేరే డైరెక్టర్లు, వేరే చట్టం. మేం సలహా ఇస్తాం. అంతవరకే.”

“మరి లాభాలొస్తే?”

హెల్మెట్ టీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“లాభాలొస్తే మా పిల్ల కంపెనీ అని గోడల నిండా రాసుకుంటారు. మనిషి పోతే ఆ పిల్లని కన్నదెవరో ఎవరికీ తెలీదు.” ఆమె గొంతు పెరిగింది. “మా తమ్ముడు చూసుకునే చోటు, భయమేంటత్తయ్యా అని ఇద్దరు కొడుకుల్నీ పంపించమన్నది నేనురా. ఈ నోటితోనే.”

లాయరు టీ ఊదుకుంటూ గడియారం చూసుకున్నాడు.

బాత్రూం తలుపు తెరుచుకుంది.

చిన్నోడు గుమ్మంలో నిలబడ్డాడు. మోచేతుల దాకా తడి. రెండు చేతుల కట్లూ నానిపోయి వేలాడుతున్నాయి. ఒక్కడే వాటిని విప్పుకోవాలని చూసి విప్పలేకపోయాడని తెలుస్తోంది.

అక్కణ్నించి తిరిగొచ్చాక అతను ఒక్క మాటా మాట్లాడలేదు. ఏమడిగినా నేల చూస్తాడు. కంగారులో పరంజా దిగుతుంటే చేతులు చీరుకున్నాయని అతనితో వచ్చిన కంపెనీ మనిషి చెప్పి వెళ్లిపోయాడు.

“కడుపుకింత తినవు, నోరు విప్పవు,” అత్తగారు కొంగుతో అతని మోచేతులు తుడవబోయింది. “మీ అన్న నీతో ఏమన్నాడో, ఆఖరిసారి నన్ను తలుచుకున్నాడో లేదో, అదైనా చెప్పరా.”

కట్ల కొసల్లోంచి నీళ్లు గుమ్మం మీద కారుతున్నాయి.

“రా,” అంది పెద్దకోడలు. “కట్టు మారుస్తాను.”

*

వంటింట్లో కిటికీ పక్కన అతన్ని స్టూలు మీద కూచోబెట్టింది. తడిసిన గుడ్డ మెల్లిగా విప్పింది. అంటుకున్నచోట నీళ్లు చల్లి, ఊదుతూ, ఊడదీసింది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

పరంజా గొట్టాలు గీరుకుంటే ఎక్కడపడితే అక్కడ గీతలుంటాయి. ఇవి అలా లేవు. రెండు అరచేతుల మీదా అడ్డంగా ఒకటే గాడి. రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఆ గాడి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి సాగింది.

“ఏం పట్టుకున్నావు?”

అతను చేతులు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె మణికట్లు వదల్లేదు.

“తాడేగా? చేతుల్లోంచి తాడు జారింది. అవునా?”

కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

“మీ అన్న దానికి తగిలించుకోకపోతే ఆ తాడెందుకు పరిగెత్తింది? నువ్వెందుకు పట్టుకున్నావు?”

చాలాసేపటికి నోరు పెగిలింది.

“ఆపలేకపోయాను వదినా.”

ఆమె కదల్లేదు. కదిలితే మళ్లీ మూగబోతాడని భయం.

“అంచు పొడవునా ఇనుపతాడు లాగి కడతాం. అందరం దానికే కొక్కేలు తగిలించుకుని వంగి పని చేస్తాం. తాడు కొసని స్తంభానికి క్లాంపులతో బిగించాలి. ఆ పని నాదే. ఆ రోజు క్లాంపుల్లేవు.”

“ఏమయ్యాయి?”

“పెళ్లిచూపులు.”

“ఏంటి?”

“హెడ్డాఫీసు వాళ్లు సైటు చూడ్డానికొస్తే మేం అలాగే అంటాం వదినా. ఏ అంతస్తు చూస్తారో వాళ్లే ముందుగా ఫోన్ చేసి చెప్తారు. ఉన్న క్లాంపులన్నీ పీకి ఆ అంతస్తుకి పట్టుకుపోతారు. పిల్ల మెడలో పక్కింటివాళ్ల నగలు వేసినట్టు. చూసి వెళ్లాక మళ్లీ పైకొస్తాయి.”

“అందాకా పైనున్నవాళ్లకి?”

“ఇనపచువ్వలు కట్టే సన్నతీగ ఉంటుంది, బైండింగ్ వైరు. దాంతో చుట్టి పెట్టమంటారు. చూడ్డానికి తాడు కట్టినట్టే ఉంటుంది. మనిషి బరువుకి ఆగదు. అందుకే అక్కడెవరూ లాగి చూడకుండా వంగరు. అన్న అయితే అందరి తాళ్లూ లాగేవాడు. పక్కవాళ్లవి కూడా. నీకేమైనా పిచ్చా అని నవ్వేవాళ్లు.”

“మరి?”

“నేను కట్టింది మాత్రం లాగడు.” అతను అరచేతులు చూసుకున్నాడు. “ఒకసారి ఎవరో అడిగారు కూడా, అదొక్కటీ ఎందుకు వదిలేస్తావని. తమ్ముడు కట్టిందాన్ని నలుగురి ముందు లాగి చూస్తే వాణ్ని తిట్టినట్టే అన్నాడు.”

పెద్దకోడలు అతని మణికట్లు వదిలేసింది.

“క్లాంపులు దింపుకుపోయినప్పుడు అన్న అక్కడ లేడు వదినా. టీకి వెళ్లాడు. వచ్చి, కట్టావా అనడిగాడు. కట్టాను అన్నాను. దేంతో కట్టావని అడగలేదు. ఫోర్‌మన్ కింద నుంచి అరుస్తున్నాడు, పని ఆగిందేంటని. తీగతో కట్టానన్నా అని చెప్దామని తిరిగేసరికి...”

“వంగాడు.”

“తీగ తెగి తాడు పరిగెత్తింది. పట్టుకున్నాను. కొస నా చేతుల్లోంచే జారిపోయింది. కొక్కెం ఆ కొసలోంచి ఊడొచ్చేసింది. అందుకే ఖాళీగా దొరికింది.”

ఆమె కొత్త గుడ్డ తీసుకుంది. చుట్టలేదు.

“ఆ రోజు పెళ్లిచూపులకి ఎవరొచ్చారు?”

చిన్నోడు తల ఎత్తలేదు. చూపు మాత్రం ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్లింది.

గుమ్మంలో హెల్మెట్ ఉన్నాడు. చేతిలో అదే టీ గ్లాసు. చల్లారి మీగడ కట్టింది.

“సారే వచ్చారు,” అన్నాడు చిన్నోడు.

ఒకప్పుడు అతన్ని బావా అని పిలిచేవాడు.

*

“గట్టిగా మాట్లాడకక్కా. లాయరు వింటాడు.” హెల్మెట్ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“ఆయన వింటాడని భయమా? మీ బావ వింటాడని లేదా?”

“ఏ అంతస్తు చూస్తానో చెప్పాను. అంతే. అది పద్ధతి. లిఫ్టు ఖాళీ పెట్టాలి, మనుషుల్ని పక్కకి జరపాలి, అందుకని ముందే చెప్తాం. క్లాంపులు పీకమని నేను చెప్పలేదు.”

“పీకుతారని తెలీదా?”

అతను గ్లాసు గట్టు మీద పెట్టాడు. అది ఒరిగి టీ గట్టంతా పాకింది. ఎవరూ తుడవలేదు.

“ఆ పైన ఇంకో అంతస్తు ఎక్కి ఉంటే మీ బావే ఎదురొచ్చేవాడు కదరా. నువ్వొచ్చావని ఆ రోజు ఇద్దరూ ఎంత సంబరపడ్డారో. నాకు ఫోన్ చేసి చెప్పాడు.”

“సాయంత్రం గదికొస్తానని బావకి చెప్పాను,” అన్నాడు హెల్మెట్. ముందుగది వైపు ఓసారి చూశాడు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు. “అక్కా, ఇప్పుడు నామీద ఏడుస్తావో, కొడతావో, తర్వాత. ముందిది విను. కొక్కెం తగిలించుకున్నాడని నువ్వంటే వాళ్లు అడిగే రెండో ప్రశ్న ఏంటో తెలుసా? మరి తాడెవరు కట్టారు? అక్కడి కంపెనీ వీణ్ని చూపిస్తుంది. వీడి చేతుల్ని చూపిస్తుంది. బావ ఎలాగూ పోయాడు. వీణ్ని కూడా పోగొట్టుకుంటావా?”

“క్లాంపులెందుకు లేవో నువ్వు చెప్తే సరిపోతుందిగా.”

అతను తలుపు ఇంకాస్త దగ్గరికి లాగాడు. అదే అతని జవాబు.

అత్తగారు ఎప్పుడొచ్చిందో, తలుపు తోసుకుని లోపలికొచ్చింది. అంతా విందో, సగమే విందో. ఆమె కళ్లల్లో అదేం కనిపించలేదు.

“అమ్మాయ్.” కోడలి రెండు చేతులూ పట్టుకుంది. “నాకవేవీ వద్దు. క్లాంపులూ వద్దు, కొక్కేలూ వద్దు. వాడి మొహం చూడాలి నేను. ఒక్క అబద్ధం ఆడెయ్యవే తల్లీ. నీ మీద కోపం తెచ్చుకోడానికి వాడు లేడుగా.”

పెద్దకోడలికి ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ముందుగదిలోంచి లాయరు పిలిచాడు. “అమ్మా, కలిపేశారు. రండి.”

*

తెర మీద ఇద్దరు. తెల్లచొక్కా అధికారి, పక్కన కళ్లద్దాల దుబాసీ. ఆయన తన భాషలో ఏదో అన్నాడు. ఆమె మన భాషలో తిప్పి చెప్పింది.

“మీ భర్త మృతికి సంతాపం తెలుపుతున్నారు. ప్రమాదం గురించి మీకు తెలిసినది చెప్పమంటున్నారు.”

పెద్దకోడలు కుర్చీలో కూచుంది. ఎదురుగా, తెర వెనక, గోడకి ఆనుకుని అత్తగారు రెండు చేతులూ జోడించి నిలబడింది. అధికారికి ఆమె కనిపించదు. కోడలికి తప్ప ఎవరికీ కనిపించదు ఆ దణ్ణం.

“మా ఆయన...”

మొహం తుడుచుకుంది.

“మా ఆయన కొక్కెం తగిలించుకోకుండా...”

ఎవరో ఆమెని దాటుకుని తెర ముందుకొచ్చారు. కట్లు లేని రెండు చేతులు. రక్తం కొత్తగా ఊరుతోంది.

“తగిలించుకున్నాడు,” అన్నాడు చిన్నోడు. “ఇదిగో.”

లాయరు లేవబోయి మళ్లీ కూచున్నాడు. తెర మీద దుబాసీ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. అధికారి ముందుకి వంగి చాలాసేపు ఆ చేతులు చూశాడు.

“మీరెవరని అడుగుతున్నారు.”

“తమ్ముణ్ని. ఆ తాడు కట్టింది నేనే.”

“దేనితో కట్టారు?”

“బైండింగ్ వైరుతో.”

“ఎందుకలా కట్టారు?”

“క్లాంపులు లేవు.”

“ఎందుకు లేవు?”

చిన్నోడు హెల్మెట్ వైపు తిరిగాడు. నేరం మోపుతున్నట్టు లేదు ఆ చూపు. అన్నం అడుగుతున్నట్టుంది.

“హెడ్డాఫీసు ప్రతినిధి అక్కడ ఉన్నారని తెలిసింది. ఈ విషయం ఆయనకేమైనా తెలుసా అని అడుగుతున్నారు.”

హెల్మెట్ చొక్కా సర్దుకుని తెర ముందుకి జరిగాడు. అక్క కుర్చీ మీద చెయ్యి వేశాడు, పడిపోకుండా పట్టుకున్నట్టు.

“అది వేరే కంపెనీ అండీ,” అన్నాడు. “వాళ్ల సైటులో సరుకు సంగతి మాకు తెలియదు.”

పెద్దకోడలు ఆ చెయ్యి తీసేయలేదు. కుర్చీలోంచి తనే లేచి పక్కకి వెళ్లిపోయింది.

అటువైపు వాళ్లిద్దరూ తమలో తాము కాసేపు మాట్లాడుకున్నారు. దుబాసీ ఈసారి కెమెరా వైపు చూడకుండా చెప్పింది. తాడు కట్టినతను వెంటనే వచ్చి విచారణకి హాజరు కావాలి. అతని బాధ్యత తేలేదాకా మృతదేహం విడుదల ఉండదు. నమస్కారం.

తెర నల్లబడింది.

“చెప్పానుగదమ్మా,” అంటూ లాయరు లాప్‌టాప్ మూశాడు. సంచిలో పెట్టుకుంటూ చెప్పులెక్కడ విడిచాడో వెతుక్కున్నాడు.

“ఎప్పుడొస్తాడట?” అంది అత్తగారు.

లాయరు వీధిగుమ్మం వైపు నడిచాడు.

“మిమ్మల్నే అడిగేది. ఏ విమానానికి?”

“నేను వెళ్లి తీసుకొస్తానమ్మా,” అన్నాడు చిన్నోడు. వచ్చినప్పట్నించీ తల్లితో అదే మొదటి మాట. “నేను వెళ్తే వదిలేస్తారట.”

ఆమె అతని మొహం చూసింది. తర్వాత చేతులు చూసింది. ఇప్పుడర్థమైంది ఆమెకి, కొంచెం కొంచెంగా.

“నువ్వెళ్తే నిన్నెవరు తీసుకొస్తార్రా?”

టీపాయ్ మీద ఫోన్ బుర్రుమంది. హెల్మెట్‌ది. తెర మీద ‘సైటు ఫోర్‌మన్’ అని పడింది. అతను ముట్టుకోలేదు. ఆగిపోయింది. మళ్లీ మొదలైంది.

పెద్దకోడలు వచ్చి వేలితో నొక్కింది. స్పీకర్ కూడా నొక్కింది.

“సార్, నమస్తే సార్. అన్నీ మనకి మంచిగానే అయినాయంట కదా, ఇప్పుడే ఆఫీసులో చెప్పుకుంటున్నారు. హమ్మయ్య అనుకున్నాను సార్.” అవతల మిక్సరు తిరుగుతున్న మోత. “ఒక్క మాట సార్. కార్మికశాఖవాళ్లు రేపు పొద్దున సైటుకొస్తారంట. ఏ అంతస్తు చూపిద్దాం? మీరు చెప్తే చాలు, క్లాంపులక్కడ బిగించేస్తాను. పై అంతస్తువి ఇప్పటికే పీకించి తీగ చుట్టించేశాను, ఎందుకైనా మంచిదని.”

చిన్నోడు గోడ పట్టుకున్నాడు. గోడ మీద అరచెయ్యి ముద్ర పడింది.

“తీగ అని పైవాళ్లకి చెప్పాడా?” గాలిలా వచ్చింది అతని గొంతు. “అడుగు వదినా. మనవాళ్లే ఉంటారు పైన. టీకి వెళ్లి ఉంటారు. చెప్పాడా?”

ఆమె ఫోన్ తీసి తమ్ముడి మొహం ముందు పట్టుకుంది.

“చెప్పరా,” అంది. “వేరే కంపెనీ అని ఇతనితో కూడా చెప్పు.”

“సార్? వినపడుతోందా? టీ అయిపోయింది సార్, కుర్రాళ్లు ఎక్కుతున్నారు. పని మొదలెట్టించనా?”

వీధిగుమ్మంలో ఒక చెప్పు తొడుక్కున్న లాయరు, రెండో చెప్పు చేత్తో పట్టుకుని, ఏమీ మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“ఉన్నారా సార్?”

“ఉన్నాను,” అన్నాడు హెల్మెట్.

లాయరు వైపు చూస్తూ అన్నాడు.